సర్కారు బడి పని చిన్న బిల్డర్‌కు ఎందుకు దొరకదు, ఎలా దొరుకుతుంది

ఆదోని నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదేళ్లుగా ఇళ్లు కడుతున్నాడు. చేతికింద పన్నెండు మంది బేల్దారులు, కూలీలు ఉన్నారు. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ కూడా తీసుకున్నాడు. పక్క ఊరి హైస్కూల్లో నాలుగు తరగతి గదులు కడుతుంటే, ఎక్కడో దూరం నుంచి వచ్చిన కాంట్రాక్టర్ దగ్గర చదరపు అడుగు లెక్కన కూలి పని మాత్రం దొరికింది. "కట్టేది నేను, పేరు వాళ్లది. ఆ పని నేరుగా నాకే ఎందుకు రాదన్నా? నాయకుల అండ ఉంటేనే వస్తుందా?" అని అడిగాడు.

అన్నా అన్నావు కాబట్టి తమ్ముడనే పిలుస్తా. నేను కర్నూలులో ఇరవై మూడేళ్లుగా ఈ పనుల్లో ఉన్నాను. మొదలుపెట్టింది నీలాగే, ఇళ్లతోనే. బడి పనుల్లో నా మొదటి పని ఒక జిల్లా పరిషత్ స్కూలుకు రెండు మరుగుదొడ్లు, కొంత ప్రహరీ గోడ. ఏ నాయకుడి చీటీ లేకుండానే వచ్చింది. అండ ఉన్నవాళ్లకు సులువవుతుందన్నది నిజమే, కాదనను. కానీ నిన్ను ఆపుతున్నది ముందుగా అది కాదు. నీ పేరు మీద సర్కారు పని చేసినట్టు కాగితం లేదు. బిల్లు వచ్చేదాకా పనిని మోసే డబ్బు ఎంత కావాలో నీకు తెలియదు. ఈ రెండూ సర్దుకుంటే మిగతావి దారిలోనే నేర్చుకుంటావు.

ముందు ఒక సంగతి తెలుసుకో. బడిలో జరిగే పనులన్నీ టెండరుకు రావు. ఇది తెలియక చాలామంది ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోతారు. సర్వశిక్షా అభియాన్ రోజుల నుంచీ చిన్న చిన్న బడి నిర్మాణాలను కాంట్రాక్టరుకు ఇవ్వకుండా ఊరి కమిటీతోనే చేయించాలన్న పద్ధతి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఆ కమిటీలకు చట్టబద్ధత కూడా వచ్చింది. సర్కారు బడులను బాగుచేయడానికి 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు కార్యక్రమం కూడా అదే పద్ధతిలో సాగింది. మొదటి విడతలో 15,715 బడులు, దాదాపు 3,669 కోట్ల రూపాయలు. అంత డబ్బు ఖర్చయినా ఊళ్లలో సివిల్ పని చాలావరకు తల్లిదండ్రుల కమిటీ పేరు మీదే జరిగింది. ఫ్యాన్లు, బెంచీలు, పెయింట్లు లాంటివి పైనుంచి టెండర్లు పిలిచి పంపారు. ఉపాధి హామీ డబ్బుతో కట్టే ప్రహరీ గోడల్లో అయితే కాంట్రాక్టరు ఉండకూడదని చట్టమే చెబుతోంది.

ఆ పద్ధతి తప్పని నేను అనను. కమిటీలో ఉన్న తల్లి తన బిడ్డ కూర్చునే గది అని సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం నా కళ్లతో చూశాను. కోడుమూరు వైపు ఒక ఊళ్లో ఒకావిడ రోజూ సాయంత్రం పొలం నుంచి నేరుగా వచ్చి, గోడలకు నీళ్లు పట్టారో లేదో చేత్తో తడిమి చూసేది. అలాంటి కాపలా ఏ క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరూ కాయలేడు. పని కూడా ఊరి బేల్దారులకే దొరికింది. కానీ నీలాంటి వాడికి అక్కడ ఒక నష్టం ఉంది. అగ్రిమెంటు కమిటీకీ డిపార్ట్‌మెంటుకీ మధ్య ఉంటుంది. నువ్వు గది మొత్తం కట్టినా, కట్టింది నువ్వని ఏ ఇంజినీరూ రాసివ్వడు. రెండో విడతలో డబ్బు ఆగిపోయినప్పుడు ఆ దెబ్బ ఎవరికి తగిలింది? కమిటీ దగ్గర సొంత డబ్బు ఉండదు. కంకర తోలినవాడు, సెంట్రింగ్ కట్టినవాడు, కూలీలకు చేతి నుంచి ఇచ్చిన మేస్త్రీ, వీళ్లే మునిగారు. నేనూ ఒక బడిలో రెండు గదులకు స్లాబు దాకా సామాను సర్ది, ఏడాదిన్నర ఎదురుచూశాను. ఊళ్లో మాట మీద చేసిన పని, నా దగ్గర కాగితం లేదు. కమిటీ ఛైర్మన్ మంచి మనిషి, నాకు ముఖం చూపించలేక బాధపడేవాడు. 2024లో ఆ కార్యక్రమానికి మన బడి - మన భవిష్యత్తు అని పేరు మార్చారు.

అందుకని కమిటీ పని వస్తే చేయి, తప్పేం లేదు. కూలి వరకే ఒప్పుకో. సిమెంటు, ఇనుము, కంకర నీ జేబు నుంచి పెట్టకు. వారం వారం చేసిన పనికి వారం వారం డబ్బు తీసుకో.

టెండరుకు వచ్చే బడి పనులు ఎక్కడుంటాయో చెప్తా. విద్యా సంక్షేమ మౌలిక సదుపాయాల సంస్థ, సమగ్ర శిక్ష ఇంజినీరింగ్ విభాగం, పంచాయతీరాజ్, ఆర్ అండ్ బీ, మున్సిపల్ ఇంజినీరింగ్, ఈ విభాగాల నుంచి వస్తాయి. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, హాస్టళ్లు, పెద్ద హైస్కూళ్ల బ్లాకులు సాధారణంగా టెండరు పనులే. వీటితో పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోనివి ఉన్నాయి. ఎంపీ నిధుల గది, జిల్లా ఖనిజ నిధి నుంచి ప్రహరీ, జిల్లా పరిషత్ సాధారణ నిధుల నుంచి రిపేర్లు. మన కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప జిల్లాల్లో సున్నపురాయి, ఇనుప ఖనిజం, బెరైటీస్ గనులు ఉన్నాయి కాబట్టి ఖనిజ నిధి పనులు అప్పుడప్పుడూ తగులుతూనే ఉంటాయి. చిన్న పనులు కాబట్టి పెద్ద కాంట్రాక్టరు వీటి కోసం రాడు. నీ మొదటి అడుగు అక్కడే పడాలి.

నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా ఇచ్చే చిన్న పనులు కూడా ఉంటాయి. 2019లో వీటిలో 50 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు ఇవ్వాలని మన రాష్ట్రం చట్టం చేసింది. నీకు అది వర్తిస్తే కుల ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకుని మీ పంచాయతీరాజ్ సబ్‌డివిజన్‌లో డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారిని నేరుగా కలిసి అడుగు. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక ఉద్యమ్ సర్టిఫికెట్ సంగతి. ఇది చెప్పడానికి నాకే బాధగా ఉంది, ఎందుకంటే చాలామంది పిల్లలు దీని మీద ఆశ పెట్టుకుంటున్నారు. చిన్న పరిశ్రమల నుంచి కొంత వాటా కొనాలన్న కేంద్ర విధానం 2012 నుంచి ఉంది, ఆ వాటా ఇప్పుడు 25 శాతం. టెండరుతో పాటు కట్టే ధరావత్తు (ఈఎండీ) మినహాయింపు కూడా అందులోదే. కానీ అది కేంద్ర శాఖలు, కేంద్ర సంస్థలు కొనే వస్తువులకూ సేవలకూ. సివిల్ కాంట్రాక్టు పనులు అందులోకి రావు. బ్యాంకు లోనుకు ఉద్యమ్ పనికొస్తుంది, ఉంచుకో. దాన్ని చూపించి ఈఎండీ కట్టకుండా టెండరు వేస్తే మాత్రం మొదటి కవరులోనే తీసి పక్కన పెడతారు. మా దగ్గర ఒకతను అలాగే ఒక మంచి పని పోగొట్టుకున్నాడు.

నీకు కావాల్సింది కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్. మన దగ్గర స్పెషల్ క్లాసు, ఆ కింద ఒకటి నుంచి ఐదు దాకా క్లాసులు ఉన్నాయి. ఏ క్లాసు వాడు ఎంత విలువ దాకా టెండరు వేయొచ్చో పరిమితి ఉంటుంది. నువ్వు కింది క్లాసులో మొదలుపెడతావు. సాల్వెన్సీ సర్టిఫికెట్ (నీకు ఇంత ఆస్తి, స్తోమత ఉందని చెప్పే పత్రం), పాన్, జీఎస్టీ, ఐటీ రిటర్నులు సిద్ధం చేసుకో. అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం అయ్యేది సాల్వెన్సీ దగ్గర. తహసీల్దారు ఆఫీసు నుంచైనా, బ్యాంకు నుంచైనా తెచ్చుకోవాలి. ఇల్లు, పొలం నాన్న పేరు మీద ఉండి నీ పేరు మీద ఏమీ లేకపోతే అక్కడే ఆగిపోతావు. ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోండి. తర్వాత డిజిటల్ సంతకం కీ, ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో పేరు. కీ నీ దగ్గరే పెట్టుకో. టెండర్లు అప్‌లోడ్ చేసే ఇంటర్నెట్ సెంటర్ వాడి దగ్గర వదిలేసి రావద్దు. నీ రేటు ఎంతో అతనికి తెలిస్తే అవతలివాడికీ తెలుస్తుంది.

ఈ ఆన్‌లైన్ టెండర్లను తక్కువగా చూడకు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు టెండరు బాక్సు ఆఫీసు వరండాలో ఉండేది. బాక్సు దాకా వెళ్లనిచ్చేవాళ్లు కాదు. గేటు దగ్గరే మనుషులు నిలబడి చేతిలో కవరు లాక్కున్న రోజు నాకు ఉంది. ఆ రోజు ఏడుపు ఆపుకుని ఇంటికి వచ్చాను. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యాక ఆ గేటు పోయింది. ఇప్పుడూ ఫోన్లు వస్తాయి. "ఈ పని మాది, నువ్వు వేయొద్దు, ఏదో ఒకటి ఇస్తాం" అంటారు. ఆ డబ్బు తీసుకోవద్దు తమ్ముడూ. ఒక్కసారి తీసుకుంటే నిన్ను పని చేసేవాడిగా ఎవరూ చూడరు, టెండరు మానేయడానికి డబ్బు తీసుకునేవాడి లెక్కలో వేస్తారు. పైగా అది నేరం.

ఇప్పుడు అసలు అడ్డంకి. నీ పక్క ఊరి నాలుగు గదులు నీకెందుకు రాలేదో నేను ఊహించగలను. ఆ నాలుగు గదులు ఒక్కటే టెండరుకు వచ్చి ఉండవు. ఏడెనిమిదో, పదో బడుల పనులు కలిపి ఒక ప్యాకేజీ చేసి ఉంటారు. ఒక్కో బడికి 40 లక్షల పని అనుకుందాం. పది బడులు కలిపితే నాలుగు కోట్లు. అంతటి పనికి అర్హత అడుగుతారు. గత ఐదేళ్లలో ఏదో ఒక ఏడాదిలో, అంచనా విలువలో సుమారు సగం దాకా అలాంటి పనే ప్రధాన కాంట్రాక్టరుగా చేసి ఉండాలి అని రాస్తారు. ప్రధాన కాంట్రాక్టరుగా అన్న మాట గుర్తుపెట్టుకో. సబ్ కాంట్రాక్టు చేసిన పదేళ్లు అక్కడ ఒక్క రోజుగా కూడా లెక్కకు రావు. నువ్వు కట్టిన ఇళ్లు కూడా రావు. డిపార్ట్‌మెంట్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి.

దాని మీద బిడ్ కెపాసిటీ అని ఒకటి ఉంది, అంటే నువ్వు ఎంత విలువ పని దాకా టెండరు వేయొచ్చో చూసే లెక్క. 2ఏఎన్ మైనస్ బి అంటారు. ఏ అంటే గత ఐదేళ్లలో నువ్వు ఒక ఏడాదిలో చేసిన గరిష్ఠ పని విలువ. ఎన్ అంటే ఈ పనికి ఇచ్చిన గడువు, ఏళ్లలో. బి అంటే ఇప్పటికే నీ చేతిలో ఉండి, ఆ గడువులో పూర్తి కావాల్సిన పనుల విలువ. లెక్క వేద్దాం. నీ గరిష్ఠ ఏడాది 30 లక్షలు. పని గడువు ఆరు నెలలు, అంటే 0.5. రెండు ఇంటూ 30 ఇంటూ 0.5, అంటే 30 లక్షలు. చేతిలో 10 లక్షల పని ఉంటే మిగిలింది 20 లక్షలు. 25 లక్షల టెండరు వేస్తే అర్హత లేదని తీసేస్తారు. ఎందుకు తీసేశారో అర్థంకాక, ఆఫీసులో ఎవరో మోసం చేశారని చాలామంది అనుకుంటారు. నేనూ ఒకసారి అలాగే అనుకుని నానా మాటలన్నాను. తర్వాత ఒక ముసలి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ నన్ను కూర్చోబెట్టి కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాడు. నాకు గడువు ఎక్కువ ఉన్న పని మీద పోటీ పడటం ఆ రోజే తెలిసింది.

ఈ ప్యాకేజీల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇంజినీర్లకు ఒక్క అగ్రిమెంటు, ఒక్క మనిషి అయితే సులువు. వాళ్ల బాధ నాకు తెలుసు, ఒక్కో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) రెండు మూడు మండలాలు చూసుకోవాల్సి వస్తుంది. కానీ ఆ సులువుకు ఖరీదు ఎవరు కడుతున్నారు? నాలుగు కోట్ల పని పట్టినవాడు ఆలూరులో ఒక బడి, పత్తికొండలో ఒక బడి తానే కట్టడు. ఒక్కో బడిని ఒక్కో మేస్త్రీకి ఇస్తాడు. మధ్యలో పది పన్నెండు శాతం తీసుకుంటాడు. అంటే చివరికి కట్టేది నీలాంటి చిన్నవాడే, కాకపోతే తక్కువ డబ్బుతో. ఆ తగ్గిన డబ్బు గోడలోనే తగ్గుతుంది, ఇంకెక్కడ తగ్గుతుంది? బడివారీగా టెండరు పిలిస్తే అదే మేస్త్రీ పూర్తి డబ్బుతో, తన పేరుతో, తన పిల్లలు చదివే బడిని కడతాడు. ఈ మాట నేను ప్రతి మీటింగులో చెప్తూనే ఉన్నాను. నీ టెండరు ప్యాకేజీలో పోయిందని తెలిస్తే కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రాతపూర్వకంగా ఇవ్వు. నలుగురు కలిసి ఇస్తే ఇంకా మంచిది.

డబ్బు లెక్కకు వద్దాం. ఇక్కడ తప్పు చేస్తే ఇల్లు పోతుంది కాబట్టి నెమ్మదిగా చదువు. 40 లక్షల పని. టెండరుతో పాటు ఈఎండీ ఒక శాతం, 40 వేలు. పని నీకు వచ్చాక అగ్రిమెంటు రోజు ఇంకో ఒకటిన్నర శాతం, 60 వేలు. ఆ తర్వాత ప్రతి బిల్లులో ఏడున్నర శాతం పట్టి ఉంచుకుంటారు, మొత్తం మీద మూడు లక్షలు. అంటే 40 లక్షల పనికి నాలుగు లక్షలు వాళ్ల దగ్గర ఉంటాయి. కొంత పని అయ్యాక వస్తుంది, మిగతాది లోపాల బాధ్యత గడువు తీరాక. అది ఎన్ని నెలలో అగ్రిమెంటులో చూసుకో. వీటి మీద ఆదాయపు పన్ను ఒక శాతం, జీఎస్టీ టీడీఎస్ రెండు శాతం, భవన కార్మికుల సెస్సు ఒక శాతం, ఇసుకకూ కంకరకూ సీనరేజి (గనుల శాఖకు పోయే రుసుము). పన్నుల్లో పట్టినవి తర్వాత సర్దుబాటు అవుతాయి. కానీ శనివారం కూలీలకు ఇవ్వడానికి ఆ డబ్బు నీ చేతిలో ఉండదు.

నా లెక్క ఏమిటంటే, పని విలువలో మూడో వంతు నీ దగ్గరో, అప్పుగా ఇచ్చే సిమెంటు, ఇనుము షాపుల దగ్గరో ఉంటేనే ఆ పని ముట్టుకో. 40 లక్షల పనికి 13 లక్షలు. లేకపోతే 15 లక్షల పని చూసుకో. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి సర్కారు పని చేసి బాగుపడినవాణ్ణి నేను ఇరవై మూడేళ్లలో చూడలేదు.

ఇంకో మాట, లెస్ వేయడం గురించి, అంటే అంచనా కంటే తక్కువకు టెండరు వేయడం. కొత్తవాళ్లు పని రావాలన్న ఆత్రంలో 18 శాతం, 20 శాతం లెస్ వేసేస్తారు. మన ఎస్టిమేట్లలో ఓవర్‌హెడ్లు, కాంట్రాక్టరు లాభం కలిపి 13.615 శాతం చేరుస్తారు. 40 లక్షల అంచనాలో అది 4 లక్షల 79 వేలు. నువ్వు 12 శాతం లెస్ వేసిన నిమిషానే ఆ మొత్తం పోయింది. ఆ తర్వాత వేసే ప్రతి రూపాయీ సామాను నుంచో కూలి నుంచో తీయాలి. 25 శాతం దాటి లెస్ వేస్తే ఆ తేడాకు అదనపు సెక్యూరిటీ కట్టాలి. 40 లక్షల పనిని 28 లక్షలకు వేశావనుకో, 30 లక్షలకు తగ్గిన ఆ రెండు లక్షలకు డీడీ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ పెట్టాలి. ఎక్కువ వేద్దామన్నా అంచనా మీద ఐదు శాతం దాటితే ఒప్పుకోరు.

అయితే లోకల్ వాడికి కొన్ని చోట్ల నిజంగానే మిగులుతుంది. నీ సెంట్రింగ్ చెక్క, జాకీలు నీవే. కూలీలకు గుడిసెలు వేయక్కర్లేదు, ఎవరింటికి వాళ్లు వెళ్తారు. నేల బండలకు బేతంచెర్ల నీకు దగ్గర, కడప వాళ్లకు ఎర్రగుంట్ల వైపు, అనంతపురం వాళ్లకు తాడిపత్రి. సిమెంటు ఫ్యాక్టరీలు మన నాలుగు జిల్లాల్లోనే ఉన్నాయి. వీటన్నిటి మీద ఐదారు శాతం మిగిలితే, ఆ ఐదారు శాతం వరకు లెస్ వెయ్యి. అంతకు మించి వేసేవాణ్ణి వేయనివ్వు, ఆ పని వాడిదే కానీ.

రేటు వేసే ముందు సైటు చూడాలి. ఆఫీసులో కూర్చుని షెడ్యూలు చూసి వేయొద్దు. ఆదోని, ఆలూరు, అటు కోయిలకుంట్ల, ఇటు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, ఇవన్నీ నల్లరేగడి నేలలు. వానకు ఉబ్బుతుంది, ఎండకు అరచేయి పట్టేంత బీటలు తీస్తుంది. అనంతపురం ఎర్రనేల మీద కట్టినట్టు కడితే రెండో వేసవికి కిటికీ మూలల నుంచి పగుళ్లు మొదలవుతాయి. ఆ పగుళ్లు లోపాల బాధ్యత గడువులోనే వస్తాయి కాబట్టి ఖర్చు నీదే. మట్టి పరీక్ష జరిగిందా, ఎస్టిమేటులో పునాది ఎంత లోతు, మంచి నేల తగలకపోతే ఏం చేయాలని రాశారు, చూసుకో. నేను ఒక పనిలో ఆరడుగులకు గట్టి నేల వస్తుందని నమ్మి వేశాను. తొమ్మిదడుగులకు కూడా నల్లమన్నే. ఏఈ గారు "తవ్వేయండి, రివైజ్డ్ ఎస్టిమేటులో పెడదాం" అన్నారు. నోటి మాట. ఆయన బదిలీ అయ్యారు. కొత్తాయన కాగితం అడిగారు. ఆ మూడడుగుల తవ్వకం, కాంక్రీటు డబ్బు నాకు ఈనాటికీ రాలేదు.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. అగ్రిమెంటులో లేని పనికి సంతకం ఉన్న కాగితం రాకుండా పార వేయను. హెడ్‌మాస్టర్ గారు మంచిగానే అడుగుతారు: ఇక్కడ ఒక ర్యాంపు, అక్కడ రెండు మెట్లు, స్టేజీ కొంచెం పెంచు బాబూ అని. పిల్లల కోసమే అడుగుతారు. చేయాలనే అనిపిస్తుంది. చేయగలిగితే విరాళంగా చేస్తున్నానని ముందే చెప్పి చేయి. బిల్లులో వస్తుందని ఆశపడి చేయకు.

నీళ్ల ఖర్చు కూడా వేసుకో. నడుస్తున్న బడిలో గదులు కట్టాలంటే వేసవి సెలవులే అదను. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. అప్పుడే మన దగ్గర బోర్లు ఎండుతాయి. స్లాబు వేశాక నీళ్లు నిలబెట్టడానికి రోజూ ట్యాంకర్ తెప్పించాలి. ఎస్టిమేటులో నీటికి ఇచ్చేదానికి, ఆదోనిలో మే నెలలో ట్యాంకర్‌కు పెట్టేదానికి పొంతన ఉండదు. నీళ్లు తగ్గించి క్యూరింగ్ మానేయడం మాత్రం ఎప్పుడూ చేయకు. ఆ స్లాబు కింద నలభై మంది పిల్లలు కూర్చుంటారు.

బిల్లుల దగ్గర నేర్చుకోవాల్సింది ఎం-బుక్, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. ఏఈ కొలతలు రాస్తారు, డీఈఈ చెక్ చేస్తారు, ఈఈ పాస్ చేస్తారు. పునాది పూడ్చకముందే కొలత ఎం-బుక్కులో ఎక్కాలి. పూడ్చాక ఎవరూ తవ్వి చూడరు. తేదీ కనిపించేలా, టేపు పట్టి ఫోటోలు తీసుకో. కాంక్రీటు బలం చూసే క్యూబ్ టెస్టు రిపోర్టులు నీ దగ్గర ఒక కాపీ ఉంచుకో. బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో (సర్కారు చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థలో) అప్‌లోడ్ అయ్యాక వచ్చే నంబరు రాసిపెట్టుకో, అది లేకుండా "బిల్లు పంపించాం" అన్న మాటకు విలువ లేదు. జీఎస్టీ ఇన్వాయిస్‌ను బిల్లు మంజూరుతో కలిపి చూసుకో. డబ్బు రాకముందే రిటర్నులో చూపించేస్తే 18 శాతం నీ చేతి నుంచి కట్టాలి. సర్కారు పనులకు ఉన్న 12 శాతం రేటు 2022 జూలై 18 నుంచి 18 అయింది. అంతకు ముందు అగ్రిమెంటు అయిన నా పని ఒకటి ఆ తేదీకి సగంలో ఉంది. ఆ ఆరు శాతం తేడా కోసం నేను తొమ్మిది నెలలు తిరిగాను. అగ్రిమెంటులో జీఎస్టీ విడిగా ఇస్తామని రాసి ఉండబట్టి వచ్చింది. ఆ వాక్యం ఉందో లేదో ప్రతి టెండరులో వెతుకు.

బిల్లు ఆగితే ఏం చేయాలని అడుగుతావని తెలుసు. ప్రభుత్వం మారిన ఏడాది చాలా పనులకు ఈ గండం ఉంటుంది. 2019కి ముందు చేసిన ఉపాధి హామీ పనుల బిల్లులు ఆగిపోయినప్పుడు ఎంతోమంది హైకోర్టుకు వెళ్లారు. 2021 అక్టోబరులో 12 శాతం వడ్డీతో చెల్లించమని కోర్టు చెప్పింది. వాళ్లందరి దగ్గరా ఎం-బుక్ రికార్డు ఉంది, అందుకే కోర్టులో నిలబడగలిగారు. కాబట్టి ఎన్నికల ఏడాది ముందు కొత్త పని ఒప్పుకునేటప్పుడు ఆ పనికి నిధులు ఏ పద్దు నుంచి వస్తున్నాయో అడుగు. ఎంపీ నిధులు, ఖనిజ నిధి పనుల్లో డబ్బు ముందే విడిగా కేటాయించి ఉండే అవకాశం ఎక్కువ, అందుకే వాటి బిల్లు నాకు త్వరగా వచ్చింది.

ఇప్పుడు చేతిలో ఉన్న కూలి పనిని వదలొద్దు. చదరపు అడుగు లెక్కన వచ్చేది తీసుకుంటూ, ఆ పనిలో ఏఈ గారి దగ్గర మంచి పేరు తెచ్చుకో. ఎవరి సెంట్రింగ్ నిటారుగా ఉంది, ఎవరి గోడ తూకంగా ఉంది అన్నది ఇంజినీర్లు చూస్తూనే ఉంటారు. నా రెండో పని అలాగే వచ్చింది: ఒక ఏఈ గారే "నువ్వు రిజిస్ట్రేషన్ ఎందుకు చేసుకోవు?" అని అడిగారు. ఈలోపు సాల్వెన్సీ పని మొదలుపెట్టు. రిజిస్ట్రేషన్ చేతికి వచ్చాక మొదటి రెండేళ్లలో పది, పదిహేను లక్షల పనులు మూడు చెయ్యి. ప్రతి పని అయ్యాక పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ కోసం వెంటపడు, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. అప్పుడు బిడ్ కెపాసిటీ లెక్కలో నీ 'ఏ' విలువ పెరుగుతుంది, నాలుగు గదుల టెండరు విడిగా వస్తే నీ లెక్కలోకి వస్తుంది.

మీ పక్క ఊరి హైస్కూలు ప్యాకేజీ టెండరు నోటీసు నంబరు తెలుసుకోగలిగితే ఇక్కడ పెట్టు. అందులో ఎన్ని బడులు కలిపారో, ఏ అర్హత అడిగారో చూసి చెప్తాను. ఆ బడి పునాది గుంత ఇంకా పూడ్చకపోతే అడుగు మట్టిది ఒక ఫోటో కూడా తీసి పెట్టు.